పెరటి టమాటాలో కాయతొలుచు పురుగు

పెరట్లోనో, డాబా మీద కుండీల్లోనో నాలుగు టమాటా మొక్కలు పెంచుకునేవారికి తొలి కాపులోనే ఒక నిరాశ ఎదురవుతుంది. రంగు తిరుగుతున్న కాయను కోసి చూస్తే గుండ్రని రంధ్రం, లోపల కుళ్ళు కనిపిస్తాయి. ఇది చాలావరకు శనగపచ్చ పురుగు చేసే పని. శనగ, కంది, పత్తి చేలను పాడుచేసే పురుగే పెరట్లోకీ వస్తుంది.

రంధ్రం కనిపించాక మందు చల్లి లాభం లేదు. పురుగు తలను కాయలోకి దూర్చి తింటుంది కనుక మందు సరిగా అందదు. పైగా ఆ చెట్టు కాయనే రేపు పిల్లలు పచ్చిగా కొరుక్కుతింటారు. నాలుగు మొక్కలకు విషం అవసరమే లేదు; కళ్ళు, చేతులు చాలు.

తల్లి పురుగు రాత్రివేళ లేత ఆకుల మీద, పూమొగ్గల దగ్గర గసగసాలకన్నా చిన్న గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. 3 నుంచి 5 రోజుల్లో అవి పొదుగుతాయి. పిల్లపురుగులు కొన్నాళ్ళు ఆకునూ, పూతనూ గీకి తిని, ఆ తరువాతే కాయలోకి దిగుతాయి. మనకు దొరికే వ్యవధి ఇదే. అందుచేత పూత మొదలైనప్పటినుంచి రెండు రోజులకొకసారి ఉదయం పై కొమ్మలను పరిశీలించి, కనిపించినవాటిని ఏరి సబ్బునీళ్ళలో వేయాలి.

పొగాకు లద్దె పురుగు తీరు వేరు. అది గుడ్లను గుంపుగా పెట్టి నూగుతో కప్పుతుంది. జల్లెడలా మారిన ఆకు కనబడితే వెంటనే తుంచేయండి. ఆ ఒక్క ఆకుతో వందలాది పురుగులు పోతాయి. ఎదిగినవి పగలు మట్టిలో దాక్కుంటాయి కాబట్టి రాత్రి టార్చిలైటుతో వెతకాలి.

చిన్న పురుగులపై వేపగింజల కషాయం బాగా పనిచేస్తుంది. 50 గ్రాముల వేపపప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిండి వడగట్టాలి. చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లాలి. ఎండకు దాని గుణం త్వరగా తగ్గిపోతుంది. ఇది పురుగును అప్పటికప్పుడు చంపదు, మేత మాన్పించి ఎదగనివ్వదు. మర్నాడే ఫలితం కనబడలేదని ఆపేయకండి.

పక్కన బంతి మొక్కలు పెడితే తల్లి పురుగులు ఆ పూలకు ఆకర్షితమై అక్కడ గుడ్లు పెడతాయి. అయితే రెండూ ఒకేసారి పూతకు రావాలి. అందుకే 25 రోజుల టమాటా నారుతో పాటు 45 రోజుల బంతి నారు నాటమంటారు. బంతి మీది పురుగులను ఏరకపోతే మాత్రం మనమే వాటిని పెంచినట్లవుతుంది.

ఆకు నుంచి తలకిందులుగా వేలాడుతూ చచ్చిన పురుగు కనిపిస్తే కదపకండి. సాధారణంగా అది వైరస్ సోకి చచ్చినది. మిగతా పురుగులకూ ఆ జబ్బు అంటుతుంది. తొలిచిన కాయలను మాత్రం మొక్క మొదట్లో పడేయకండి. లోపలి పురుగు ఆ మట్టిలోకే దిగి కోశస్థ దశకు చేరుతుంది.