పిడుగు మీద పడకున్నా టీవీ ఎందుకు కాలుతుంది?

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు, వాన తెలుగునాట మామూలే. మర్నాడు రిపేరు షాపుల్లో మాడిపోయిన సెట్‌టాప్ బాక్సులు, వైఫై రూటర్లు వరసకడతాయి. ఇందులో చాలా నష్టం తప్పించుకోదగ్గదే. కొన్ని అపోహలే మన కొంప ముంచుతున్నాయి.

అపోహ: మా ఇంటిమీద పడలేదు, మాకేం కాదు.
వాస్తవం: ఎక్కడో కరెంటు లైను మీదో, దాని పక్కనో పిడుగు పడినా వేల వోల్టుల సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగసిపడే వోల్టేజీ, తీగల వెంట ఇంట్లోకి వస్తుంది. కేబుల్ టీవీ తీగ కూడా దానికి దారే.

అపోహ: స్విచ్ ఆపేస్తే చాలు.
వాస్తవం: ఆపిన స్విచ్ లోపల ఉండేది కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ. మిల్లీమీటరు గాలిని దాటడానికి సుమారు 3 వేల వోల్టులు చాలు. పైగా మామూలు స్విచ్ తెంపేది ఫేజునే, న్యూట్రల్ అలాగే ఉంటుంది. మబ్బు పడుతుండగానే ప్లగ్గూ, కేబులూ పీకేయండి. ఉరుములు మొదలయ్యాక మాత్రం వాటి జోలికి వెళ్లొద్దు.

అపోహ: ఎంసీబీ, స్టెబిలైజర్ ఉన్నాయిగా!
వాస్తవం: ఎంసీబీ ఉన్నది ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్‌ల కోసం. అది పడిపోవడానికి మిల్లీసెకన్లు పడుతుంది. సర్జ్ మైక్రోసెకన్లలోనే చేయాల్సిన నష్టం చేసేస్తుంది. స్టెబిలైజరూ అంత వేగాన్ని అందుకోలేదు. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. చాలావాటికి ముందువైపు చిన్న కిటికీ ఉంటుంది. అందులో ఆకుపచ్చ పోయి ఎరుపు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే, మార్చేయాలి. సర్జ్ ఒక్కటే కాదు, స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. దానికి ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ వేరే ఉండాలి.

అపోహ: మేడమీది కడ్డీ పిడుగును పిలుస్తుంది.
వాస్తవం: పిలవదు. పడ్డ పిడుగును గోడల్లోకి పోనీయకుండా భూమిలోకి దించుతుంది. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చెప్పిన సూత్రమిదే. అయితే అది కాపాడేది కట్టడాన్ని. తీగల వెంట వచ్చే సర్జ్ నుంచి టీవీని, ఫ్రిజ్‌ను కాపాడలేదు.

అపోహ: సెల్‌ఫోను పిడుగును లాగుతుంది.
వాస్తవం: లాగదు. ఛార్జింగులో పెట్టి మాట్లాడటమే ప్రమాదం. ఉరిమేటప్పుడు కుళాయి కింద స్నానమూ వద్దు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగండి.

అపోహ: ఎర్తింగ్ ఒకసారి చేయిస్తే సరిపోతుంది.
వాస్తవం: ఎండాకాలం గుంత ఎండిపోతుంది, పైపు తుప్పుపడుతుంది, క్లాంపు వదులవుతుంది. కడ్డీ అయినా సర్జ్ ప్రొటెక్టరైనా పిడుగును దించేది ఆ గుంతలోకే. అది పనిచేయకపోతే పైన పెట్టిన డబ్బంతా దండగ. గుంతలో నీళ్లు పోస్తూ ఉండండి, ఏటా వానలకు ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ టెస్టర్‌తో చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గుకు పెద్ద పిన్ను (అదే ఎర్త్) విరగ్గొట్టి వాడే అలవాటు ఇవాళే మానేయండి.