అప్‌డేట్ తర్వాత షేర్డ్ ఫోల్డర్ ఓపెన్ కావడం లేదా? అసలు కారణం ఇదే.. సరిచేసుకోండి ఇలా!

నిన్నటిదాకా చక్కగా పనిచేసిన షేర్డ్ ఫోల్డర్.. విండోస్ అప్‌డేట్ అయ్యాక ఒక్కసారిగా మొరాయిస్తుంది. వైఫై ఉంటుంది, ఇంటర్నెట్ వస్తుంది. కానీ పక్క టేబుల్ మీదున్న సిస్టమ్‌లోని బిల్లింగ్ ఫైల్ మాత్రం తెరుచుకోదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ముగిసింది. దాంతో చిన్న ఆఫీసులు, షాపులు, ఫొటో స్టూడియోలు విండోస్ 11కు మారుతున్నాయి. మారిన చాలామందికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే.

నిజానికి ఇందులో చాలా కేసుల్లో సిస్టమ్ పాడవ్వలేదు. ఇన్నాళ్లూ తాళం లేకుండా తెరిచి ఉంచిన తలుపును విండోస్ మూసేసింది, అంతే.

అసలేం మారింది?

ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను మరో కంప్యూటర్‌లో చూసేందుకు విండోస్ వాడే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. 2024 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ ఇందులో రెండు మార్పులు చేసింది.

మొదటిది సైనింగ్. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఇది తప్పనిసరి అయింది. కవరుకు లక్క ముద్ర వేసినట్టుగా, నెట్‌వర్క్‌లో వెళ్లే ప్రతి సమాచారం ముక్కకూ ఒక ముద్ర పడుతుంది. మధ్యలో ఎవరైనా మార్చితే వెంటనే దొరికిపోతుంది.

రెండోది గెస్ట్ లాగిన్. పాస్‌వర్డ్ లేకుండా ఫోల్డర్ తెరిచే ఈ సౌకర్యం ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ముందే ఆగిపోయింది. ఇప్పుడు ప్రో ఎడిషన్‌లోనూ డిఫాల్ట్‌గా పనిచేయదు.

ఈ రెండింటికీ లింకు ఉంది. ముద్ర వేసే తాళంచెవి యూజర్ పాస్‌వర్డ్ ఆధారంగానే తయారవుతుంది. గెస్ట్‌కు పాస్‌వర్డే లేదు కాబట్టి ముద్ర వేయడం కుదరదు.

ఎర్రర్‌ను బట్టే పరిష్కారం

కనిపించిన సెట్టింగ్ అల్లా మార్చేముందు స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్‌ను పూర్తిగా చదవాలి. సగం సమాధానం అందులోనే ఉంటుంది.

1. నెట్‌వర్క్ లిస్టులో కంప్యూటర్ కనిపించకపోతే: ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు వేసి, అవతలి సిస్టమ్ ఐపీ అడ్రస్ టైప్ చేయాలి. అలా ఓపెన్ అయితే షేరింగ్ బాగానే ఉన్నట్టు. రెండు సిస్టమ్‌లలోనూ నెట్‌వర్క్ ప్రొఫైల్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేయాలి. సర్వీసెస్‌లో ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్‌ను ఆటోమేటిక్‌లో పెట్టాలి.

2. నెట్‌వర్క్ పాత్ దొరకలేదు అని వస్తే: అవతలి సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్లిందేమో చూడాలి. రూటర్ రీస్టార్ట్ అయితే ఐపీ అడ్రస్ మారే అవకాశం ఉంది. అదీ కాకపోతే ఫైర్‌వాల్ 445 పోర్టును అడ్డుకుంటోందేమో చూడాలి.

3. సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ యాక్సెస్‌ను అడ్డుకుంటున్నాయి అని వస్తే: ఇంట్లో వాడే సిస్టమ్‌కు సంస్థ ఏంటని కంగారుపడక్కర్లేదు. పాస్‌వర్డ్ లేని షేరింగ్ వల్లే ఆ మెసేజ్ వస్తోంది. ఫోల్డర్ ఉన్న సిస్టమ్‌లో పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ యూజర్‌ను క్రియేట్ చేయాలి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని షేరింగ్, సెక్యూరిటీ ట్యాబ్‌లు రెండింటిలోనూ ఆ యూజర్‌కు పర్మిషన్ ఇవ్వాలి. రెండో సిస్టమ్‌లో అదే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ కావాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. సిస్టమ్ ఆన్ చేసేటప్పుడు కొట్టే పిన్ నెట్‌వర్క్ లాగిన్‌కు పనికిరాదు, అసలు పాస్‌వర్డే కావాలి. ఖాళీ పాస్‌వర్డ్‌ను కూడా విండోస్ ఒప్పుకోదు.

4. క్రిప్టోగ్రాఫిక్ సిగ్నేచర్ ఇన్‌వాలిడ్ అని వస్తే: అవతల ఉన్న పాత స్టోరేజ్ బాక్స్ లేదా రూటర్‌కు ముద్ర వేయడం రాదు, లేదా ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది. ముందు దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, సైనింగ్ ఆన్ చేయాలి. స్కాన్ చేసిన పేపర్లను నేరుగా ఫోల్డర్‌లోకి పంపే పాత జిరాక్స్ మెషీన్లు ఆగిపోవడానికీ ఇదే కారణం కావచ్చు.

5. పాస్‌వర్డ్ కరెక్టే అయినా మళ్లీ మళ్లీ అడుగుతుంటే: ముందుగా క్రెడెన్షియల్ మేనేజర్‌లో సేవ్ అయిన పాత పాస్‌వర్డ్ తీసేయాలి. అప్పటికీ మారకపోతే రెండు సిస్టమ్‌లకు ఒకే ఎస్‌ఐడీ ఉందేమో చూడాలి. విండోస్ ప్రతి కంప్యూటర్‌కు ఇచ్చే గుర్తింపు నంబర్ ఇది. ఒక సిస్టమ్‌లోని హార్డ్‌డిస్క్‌ను సిస్‌ప్రెప్ చేయకుండా మిగతా వాటిలోకి కాపీ చేస్తే అన్నింటికీ ఒకే నంబర్ వస్తుంది. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్లు ఇలాంటి సిస్టమ్‌ల మధ్య లాగిన్‌ను అడ్డుకుంటున్నాయని మైక్రోసాఫ్టే చెప్పింది. వీటిలో విండోస్‌ను సరైన పద్ధతిలో మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే శాశ్వత పరిష్కారం.

ఆ షార్ట్‌కట్ జోలికి వెళ్లొద్దు

ఎస్‌ఎంబీ1 ఆన్ చేస్తే చాలు, అంతా సెట్ అయిపోతుందనే సలహా తరచూ వినిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వాన్నాక్రై వైరస్ ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది ఈ పాత ఎస్‌ఎంబీ1లోని లోపం ద్వారానే. ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్ రూపంలో డబ్బు డిమాండ్ చేసింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. అప్‌డేట్ చేసుకోనివాళ్లే ఎక్కువగా నష్టపోయారు.

గెస్ట్ లాగిన్‌ను మళ్లీ తెరిచే సెట్టింగ్ గ్రూప్ పాలసీలో ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన పేరే ఎనేబుల్ ఇన్‌సెక్యూర్ గెస్ట్ లాగాన్స్. అంటే భద్రత లేదని పేరులోనే చెప్పేసింది. మార్చడం తప్పకపోతే, పాత పరికరంలోని డేటా కాపీ చేసుకునే వరకు మాత్రమే ఆన్ చేసి, ఆ వెంటనే ఆఫ్ చేయాలి.

ఆఫీసు లెక్కలు, కస్టమర్ల వివరాలు ఉన్న ఫోల్డర్ అయితే పాస్‌వర్డ్ పెట్టుకోవడమే మేలు. పది నిమిషాల పని అది. పైగా వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాళ్లూ ఆ ఫైళ్లు తెరవకుండా ఉంటారు.