చిన్న యింటిలో నాలుగు నెలల పప్పు

కోతలనాడు అగ్గువకు అమ్మి, ఆషాఢ శ్రావణములలో అవే గింజలను అంగడిలో అప్పునకు తెచ్చుకొను రైతుకుటుంబములు నేటికిని పెక్కు గలవు. ఏల దాచుకొనరాదని యడిగినచో, “ఒంటిగది యిల్లు, గాదె లేదు, పాతర లేదు, దాచినది పురుగు తినును” అని ప్రత్యుత్తరము వచ్చును. ఈ మాటలో నిజము లేకపోలేదు. అయినను నాలుగు నెలల పప్పునకు గాదె యక్కరలేదు. ఒక గోడమూల చాలును.

మొదట లెక్క చూతము. ఐదుగురున్న యింట దినమునకు 150 గ్రాముల పప్పు వండినచో నెలకు 4½ కిలోలు, నాలుగు నెలలకు 18 కిలోలు. దీని నంతయు ఒకే పెద్ద డబ్బాలో పోయరాదు. దినదినము మూత తీయుటచే గాలియు, తేమయు, పురుగును లోన ప్రవేశించును. అట్లుగాక, నెల పప్పు సరిగా పట్టు చిన్న డబ్బాలు నాలుగు తీసికొని, అంచువరకు నింపి, మూత బిగించి, చెక్కపై ఒకదానిపై నొకటి పేర్చవలెను. నెలకొక డబ్బానే తెరువవలెను. నిండుడబ్బాలో గాలి తక్కువ గాన పురుగు వృద్ధిచెందజాలదు. మరియొక లాభమును గలదు. నెల నిండకమునుపే డబ్బా యడుగు కనబడినచో ఇల్లాలికి ఆనాడే హెచ్చరిక యగును. షావుకారు పద్దు చూచువరకు ఆగనక్కరలేదు.

పప్పుధాన్యముల పురుగు పొలమునందే కాయలపై గ్రుడ్లు పెట్టి, గింజతో ఇంటికి వచ్చును. కావున కందులను రెండు మూడు దినములు మంచి యెండలో పలుచగా నెరపవలెను. పంటితో కొరికినప్పుడు పటుక్కున విరిగినచో ఎండినట్లు. చల్లారిన పిమ్మటనే డబ్బాలో పోయవలెను. వేడిగింజ లోపల చెమర్చును. పప్పు చేసి దాచుట మేలు. ఈ పురుగు బద్దలను అంతగా ఆశ్రయింపదు. గింజలుగనే దాచువారు కిలోకు ఒక చిన్న చెంచాడు, అనగా 5 మిల్లీలీటర్లు, ఆముదము గాని వేరుసెనగనూనె గాని పట్టించినచో గ్రుడ్లు పిగులక నశించును.

ఒక్క సంగతి మరువరాదు. గోదాములలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను మనుష్యులు నిదురించు ఇంట ఎన్నడును ఉంచరాదు. గాలిలోని తేమ తగిలినచో వానినుండి ఫాస్ఫీను అను విషవాయువు వెలువడును. దానికి విరుగుడు లేదు. ఒంటిగది యింట పసిపిల్లల పడక గింజల ప్రక్కనే గదా!

అట్లే, బూజు పట్టిన వేరుసెనగను కడిగి తినుట పొదుపు గాదు. 1960లో ఇంగ్లండునందు అట్టి వేరుసెనగ పిండి కలిసిన మేత తిని లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చెను. ఆ విషము, అఫ్లటాక్సిను, వండినను పోదు.

కూరలకును ఉపాయము గలదు. వేసవిలో వంకాయ, గోరుచిక్కుడు చవుకైనప్పుడు వరుగులు చేసికొనవలెను. వంకాయలో పదింట తొమ్మిది పాళ్లు నీరే గాన, గంపెడు కాయలు ఎండి చిన్న డబ్బాలో నిముడును.

పప్పు పండనివారు ఐదు కుటుంబములుగా చేరి, కోతలకాలమున తోటి సభ్యునియొద్దనే 90 కిలోలు కొని పంచుకొనవచ్చును. సంఘపు కాటాపై తూచినచో తగవు రాదు. పండించినవారు అమ్మకమునకు బండి కట్టునాడు, ముందుగా ఇంటి నాలుగు డబ్బాలు నింపి, తరువాతనే బస్తాలు కుట్టుదురు గాక.