లీకేజీ ఆగాకే లెక్క తేలింది

కణాన్ని చుట్టి ఉండే పలుచని కొవ్వు పొరను ఆక్సిజన్ సులువుగా దాటిపోతుంది. సోడియం, పొటాషియం అయాన్లకు విద్యుదావేశం ఉంటుంది కనుక ఆ పొర వాటికి దారి ఇవ్వదు. అయినా నరాల్లో సంకేతాలు పరుగెత్తేది ఈ అయాన్ల రాకపోకలతోనే. స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరతంతువులో ఈ ప్రవాహాలను కొలిచి, 1952లో శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ వాటికి సమీకరణాలు రాశారు. అయితే వాళ్లు కొలిచింది లెక్కలేనన్ని దారుల మొత్తాన్ని. ఒక్కో దారి ఎలా పనిచేస్తుందో తేలలేదు.

ఒక్క దారిలో పారే కరెంటు కొన్ని పికో ఆంపియర్లు మాత్రమే. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు. మామూలు ఎలక్ట్రోడ్ల రొదలో దాన్ని పట్టుకోవడం జాతర గోలలో గజ్జె చప్పుడు వెతకడమే.

జర్మనీలోని గోటింగెన్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థలో భౌతికశాస్త్రజ్ఞుడు ఎర్విన్ నేహెర్, వైద్యం చదివిన బెర్ట్ సాక్మన్ మరో మార్గం పట్టారు. కణాన్ని గుచ్చకుండా, కొన్ని మైక్రోమీటర్ల మూతి ఉన్న గాజు పిపెట్‌ను పొర మీద ఆనించి, ఆ మూతి కిందున్న ముక్కలోని కరెంటునే కొలవాలన్నది వాళ్ల ఆలోచన. అదే ప్యాచ్ క్లాంప్. నరం తెంచిన కప్ప కండరాన్ని ఎంచుకున్నారు. నరం తెగితే, అసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగిలినప్పుడు అయాన్లకు దారి తెరిచే గ్రాహకాలు కండరం ఉపరితలమంతా పరుచుకుంటాయి కాబట్టి పిపెట్ ఎక్కడ ఆనించినా అవి దొరికే అవకాశం ఎక్కువ. 1976లో వెలువడిన ఫలితాల్లో కరెంటు నిలువునా లేచి, కాసేపు ఒకే ఎత్తులో నిలిచి, నిలువునా పడిపోయింది. ఛానల్ అనే ఆ దారి తెరుచుకోవడం, మూసుకోవడం కంటికి కనిపించింది.

కానీ గాజుకూ పొరకూ మధ్య సందులోంచి కరెంటు కారిపోతూ రొద పెంచేది. ఆ సందు నిరోధం సుమారు 5 కోట్ల ఓమ్‌లు, అదీ చాలలేదు. 1980లో, శుభ్రమైన కొత్త పిపెట్ ఆనించి కాస్త పీలిస్తే పొర గాజుకు గట్టిగా అతుక్కుపోతుందని నేహెర్ గమనించాడు. నిరోధం ఒక్కసారిగా వందల కోట్ల ఓమ్‌లకు ఎగబాకింది. రొద అణిగింది. ఆపై ఏడాది వెలువడిన వ్యాసంతో ఈ పద్ధతి ప్రయోగశాలలన్నిటికీ పాకింది. 1991లో ఇద్దరికీ నోబెల్ దక్కింది.

ఒక పికో ఆంపియర్ అంటే సెకనుకు సుమారు 62 లక్షల ఆవేశాలు. ఒక్కో విడతలో కొన్ని అయాన్లనే మోసుకెళ్లే సోడియం-పొటాషియం పంపు సెకనుకు వందల్లోనే దాటించగలదు. ఇంత వేగం సాధ్యమవ్వాలంటే ఛానల్ తెరుచుకున్న రంధ్రమే కావాలి, మోసే కూలీ కాదు.

1984లో క్లోమంలోని బీటా కణాల మీద ఇదే పిపెట్ పెట్టారు. చక్కెర పెరిగితే కణంలో శక్తినిచ్చే ఏటీపీ అణువులు పెరుగుతాయి, ఒక పొటాషియం ఛానల్ మూసుకుంటుంది, దాంతో ఇన్సులిన్ బయటికి వస్తుంది. మధుమేహానికి అప్పటికే వాడుకలో ఉన్న గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర మూసేదీ ఆ ఛానల్‌నే. పుట్టిన కొద్ది నెలలకే మధుమేహం వచ్చే కొందరు శిశువుల్లో ఆ ఛానల్ జన్యువులో లోపం ఉందని 2004లో తేలింది. వాళ్లలో చాలామంది ఇన్సులిన్ సూది మాని ఆ మాత్రలకు మారగలిగారు.