గనిలో పుట్టి... సాగర్‌లో పడి

వినాయక చవితి ఇంకా నెలల దూరంలో ఉండగానే హైదరాబాద్‌లోని ధూల్‌పేట్ గల్లీలు తెల్లబారతాయి. టార్పాలిన్ కప్పిన షెడ్లలో బస్తాలు విప్పి, తెల్లపొడిని నీళ్లలో కలిపి, కొబ్బరిపీచు జోడించి అచ్చుల్లో పోస్తారు. అరగంట తిరిగేసరికి గట్టిపడుతుంది. నిజాముల కాలంలో బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డామని చెప్పుకునే లోధ్ కుటుంబాలకు ఈ విగ్రహాలు, పతంగులే బతుకుదెరువు. గుడుంబా పేరుతో బద్నాం అయిన పేటను తలెత్తుకునేలా చేసినవీ ఈ గణపతులే.

ఆ పొడి ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పుట్టుక గనిలో. దేశంలో జిప్సం దాదాపు అంతా రాజస్థాన్‌లోనే తవ్వుతారు. ఆ రాయిని 150 డిగ్రీల దాకా వేడిచేస్తే లోపలి నీరు చాలావరకు ఆవిరై పొడి మిగులుతుంది. మళ్లీ నీళ్లు తగిలితే అది తిరిగి జిప్సమే. అంటే ట్యాంక్‌బండ్ మీద క్రేన్లు కిందికి దించేది రంగులేసిన గనిరాయినే. లీటరు నీటిలో అది కరిగేది రెండు గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. అందుకే విగ్రహాల కాళ్లూ చేతులూ నెలల తరబడి అడుగున పడి ఉంటాయి. కరిగిన సల్ఫేటును ప్రాణవాయువు లేని బురదలో బ్యాక్టీరియా కుళ్లిన గుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. చవక రంగుల్లో ఉండే సీసం, క్రోమియం వంటివి అదనం. అలాగని 1562 నాటి హుస్సేన్ సాగర్ జబ్బంతా గణపతి నెత్తిన రుద్దడం సరికాదు. కూకట్‌పల్లి నాలా ఏళ్ల తరబడి మోసుకొచ్చిన మురుగు, ఫ్యాక్టరీ వ్యర్థాల ముందు పండుగ పద్దు చిన్నదే.

విచిత్రమేమిటంటే, సాగర్‌లో నిందితుడిగా నిలబడిన ఇదే జిప్సం గనుల దగ్గర నీటిని కాపాడే పనికి వస్తుంది. బొగ్గు కోసమో ఇనుము కోసమో కొండను తవ్వినచోట పైమట్టినంతా తీసి గుట్టలు పోస్తారు. సింగరేణి కార్మికుల మాటలో ఓబీ. వానకు ఆ గుట్టలు కోసుకుపోయి వాగులు బురదమయమవుతాయి. ధూల్‌పేట్‌కు ఎంతో దూరం లేని మాసబ్‌ట్యాంక్‌లో ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం ఉంది. ఆ సంస్థ ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లాలో తవ్వే ఇనుప ఖనిజపు సన్నపొడి శంఖినీ నదిని ఎర్రబరిచిందని దంతెవాడ ఆదివాసీలు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు.

బంకమట్టి రేణువులు అంత సులువుగా అడుగుకు దిగవు. ప్రతి రేణువు మీదా రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలో తేలుతూనే ఉంటాయి. పాలీఅక్రిలమైడ్ అనే పాలిమర్ పొడవాటి గొలుసులాంటి అణువు. నేల కోతను ఆపడానికి వాడే రకానికీ రుణావేశమే. మరి రెంటినీ కలిపేదెవరు? జిప్సం నుంచి వచ్చే కాల్షియం. దాని ధనావేశం ఒకవైపు మట్టినీ మరోవైపు పాలిమర్‌నూ పట్టుకుంటుంది. రేణువులు గుంపుకట్టి బరువెక్కి అడుగుకు చేరతాయి. ఈ మిశ్రమాన్ని గుట్టల మీద చల్లితే వాన చినుకు తాకిడికి మట్టి చెదరకుండా పట్టి ఉంచుతుంది. 1990ల తొలినాళ్లలో ఐడహోలోని కింబర్లీలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఈ పాలిమర్‌ను బోదె కాలువల్లో పరీక్షించారు. లీటరుకు 10 మిల్లీగ్రాముల మోతాదుకే కొట్టుకుపోయే మట్టి సగటున 94 శాతం తగ్గింది. మన పెద్దలకు ఈ సూత్రం కొత్తేమీ కాదు. చిల్లగింజ అరగదీసి బురదనీళ్ల కుండలో కలిపితే నీళ్లు తేటపడేవి. ఆ గింజలో ఉన్నవీ సహజ పాలిమర్లే.

అయితే పాలిమర్‌ను మంత్రజలంలా చూడకూడదు. తయారీలో మిగిలిపోయే అక్రిలమైడ్ నరాలకు విషం. అందుకే నేలకు వాడే సరుకులో అది 0.05 శాతం లోపే ఉండాలంటారు. ధనావేశం ఉన్న రకాలు చేపల మొప్పలకు పట్టి చంపుతాయి. గుట్ట మీద గడ్డి, చెట్టు వేళ్లూనుకునేదాకా ఆసరాగా నిలవడమే దాని పని. ఏ గనికైనా అసలు నియమం ఒక్కటే: మడ్డి వాగులో కలవకముందే, ఆవరణలోని గుంటలోనే దిగిపోవాలి.

ఈ నియమాన్ని నగరం పండుగకు ఎందుకు పాటించదు? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే మార్గదర్శకాల్లో ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు సాగర్‌లో వాటి నిమజ్జనాన్ని నిలిపేస్తే, సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి వెసులుబాటిచ్చింది. నిమజ్జనానికి బేబీ పాండ్లనే చిన్న కొలనులు వచ్చాయి. చెరువు దాకా పోనివ్వకుండా పక్కనే గుంటలో దించడం సరైన దారే. అక్కడితో ఆగకూడదు. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల చూపినట్టు అమ్మోనియం బైకార్బనేట్ ద్రావణంలో ఉంచితే ప్లాస్టర్ కాల్షియం కార్బనేట్‌గా అడుగుకు చేరుతుంది, పైన మిగిలే అమ్మోనియం సల్ఫేటు ఎరువుగా పనికొస్తుంది. ఇంటి విగ్రహానికి బకెట్ చాలు. కాలనీ విగ్రహాలకు తొట్టెలు కట్టించడం జీహెచ్ఎంసీకి తలకు మించిన పని కాదు.

మట్టి గణపతి మేలే. ఖైరతాబాద్ 2022లో 50 అడుగుల మట్టి విగ్రహం నిలబెట్టి చూపించింది. కానీ ధూల్‌పేట్ ఇరుకు షెడ్డులో మట్టి బొమ్మ వానాకాలపు తేమకు ఆరదు, బీటలు వారుతుంది, మోయడానికి మనుషులు ఎక్కువ కావాలి. అప్పు తెచ్చి సరుకు కొనే కళాకారుడు అరగంటలో గట్టిపడే పొడిని ఎంచుకోవడంలో వింతేముంది? గనికి కంపెనీ ఉంది, దాన్ని నిలదీయొచ్చు. ఇక్కడ నిషేధం బరువంతా కూలి మీద బతికే ఇంటి మీదే పడుతోంది.

కాబట్టి మాట మండప నిర్వాహకులతోనే. చవితి ముందు వారం వచ్చి మట్టి విగ్రహం లేదేమని కసురుకోకండి. ఎండలు ఉండగానే, ఉగాది నాటికే ధూల్‌పేట్ వెళ్లి మట్టికి ఆర్డర్ పెట్టండి, సగం డబ్బు చేతిలో పెట్టండి, ఎత్తు నాలుగడుగులు తగ్గించుకోండి.