ఊరికి పేరు - వాడకు కులం

“మీదేవూరు?” అని అడుగుతారు. చెబుతాం. అక్కడితో ఆగరు. “ఊళ్ళో ఎక్కడ? గుడి దగ్గరా, చెరువుకట్ట కిందా?” అని రెండో ప్రశ్న వస్తుంది. హాస్టల్లో చేరే పిల్లవాణ్ణీ, పట్నంలో అద్దెకిల్లు వెతుక్కునే టీచర్నీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లనీ ఇదే అడుగుతారు. వాళ్ళకు కావలసింది ఊరి పేరు కాదు, కులం. కులం అనే మాట ఎత్తకుండా కులం రాబట్టడానికి మన దేశంలో స్థలాల పేర్లు ఇంత చక్కగా పనికొస్తున్నాయంటే, ఆ పేర్లు ఎట్లా పుట్టాయో, ఎవరు పెట్టారో, ఎవరు రాసి ఉంచారో మనం తెలుసుకోవాలి.

ఊరి పేరు పిలుచుకోవడానికి పెట్టుకున్న గుర్తు మాత్రమే కాదు. అది ఒక రకం పట్టా. ఆ నేల ఎవరిదని రాజ్యం ఒప్పుకుందో ఆ పేరు చెబుతుంది. మన వాడలకు పేరు లేకపోవడానికీ, మన చేతిలో భూమి లేకపోవడానికీ సంబంధం ఉందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లలో ఉన్న పొరలు

తెలుగు ఊళ్ళ పేర్లను విడదీసి చూస్తే పొరలు పొరలుగా చరిత్ర కనబడుతుంది.

అడుగున ఉన్న పొర నీళ్ళది, చెట్టుది, రాయిది. నల్ల కొండ నల్గొండ అయింది. తాడిచెట్లు తాడేపల్లిలో, చింతలు చింతలపూడిలో, మామిళ్ళు మామిడికుదురులో నిలిచిపోయాయి. గోదావరి పాయల మధ్య ఒండ్రుమట్టి మేటవేసి లేచిన నేలను లంక అంటాం. ఎదుర్లంక, నాగుల్లంక అట్లా వచ్చినవే. ఊరు, పల్లె, పాడు, కుంట, మడుగు, రేవు, మిట్ట - ఇవన్నీ నేలను చేత్తో తడిమి చూసినవాళ్ళ మాటలు. అడవి నరికినవాళ్ళు, చెరువు తవ్వినవాళ్ళు, పశువుల్ని తోలినవాళ్ళు ఈ మాటల్ని పుట్టించారు. ఈ పొరలో శ్రమకులాల గొంతు ఉంది. కానీ ఆ గొంతు ఎవరిదో పేరు మాత్రం చెప్పదు.

దాని మీది పొర దానాలది. పురం, వరం, అగ్రహారం అనే తోకలు ఎక్కువగా ఈ పొరలో కనబడతాయి. రాజులు బ్రాహ్మణులకు పన్నులేకుండా ఇచ్చిన ఊళ్ళు అగ్రహారాలు. రాగిరేకుల మీద ఇచ్చినవాడి వంశం ఉంటుంది, పుచ్చుకున్నవాడి గోత్రం ఉంటుంది, సరిహద్దులు చెప్పడానికి చెట్టూ పుట్టా రాయీ చెరువూ ఉంటాయి. ఆ పొలం దున్నేవాళ్ళ పేర్లు సాధారణంగా ఉండవు. పుట్టకు దొరికిన చోటు పాలేరుకు దొరకలేదు. పాత తెలుగు పేర్లకు సంస్కృతం పూత పూసి, ఒక పురాణకథ అతికించడం కూడా ఈ పద్ధతే. బెజవాడ విజయవాడ అయ్యాక అర్జునుడు వచ్చి కూచున్నాడు. ఓరుగల్లు ఏకశిలానగరం అయింది. కథ రాగానే పేరు దేవుడిదైపోతుంది. మట్టిమాట వెనక్కి పోతుంది.

ఆ తరవాతి పొర సంతలదీ, దండులదీ, దొరలదీ. బేరసారాలు నడిచిన చోట పేటలు, దండు దిగిన చోట పాళెాలు వెలిశాయి. నిజాం ఇలాకాలో పాలమూరు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుతో మహబూబ్‌నగర్ అయింది. ఇందూరు నిజామాబాదు అయింది. ఒకే పేరున్న రెండు ఊళ్ళను వేరుచేయడానికి దఫ్తరు వాళ్ళు పెద్దదానికి కలాన్ అనీ, చిన్నదానికి ఖుర్ద్ అనీ తగిలించారు. తెలంగాణలో ఆ తోకలు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ పొరలన్నిటిలో ఒక నియమం మారలేదు. నేల ఇచ్చినవాడి పేరో, పుచ్చుకున్నవాడి పేరో, వాళ్ళిద్దరి దేవుడి పేరో ఊరికి నిలిచింది. చేసినవాడి పేరు నిలవలేదు.

దీపంలేని ఊరికీ పేరుంది

ఇప్పుడు రెవిన్యూ రికార్డులోకి వద్దాం. ప్రభుత్వం దృష్టిలో ఊరంటే రెవిన్యూ గ్రామం. దానికి హద్దులుంటాయి, పటం ఉంటుంది, సర్వే నంబర్లుంటాయి. దాని లోపల విడిగా ఉన్న జనావాసాలను శివారు గ్రామం అనో, మజరా అనో అంటారు. జనాభా లెక్కలు కూడా పల్లెల్లో రెవిన్యూ గ్రామం లెక్కనే వస్తాయి. ఆ గ్రామంలో షెడ్యూల్డు కులాలవాళ్ళు ఎంతమందో అంకె ఉంటుంది. వాళ్ళుండే వాడ పేరు ఉండదు.

ఈ రికార్డుల్లోనే బేచిరాగ్ గ్రామం అనే మాట ఒకటి ఉంది. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం లేనిది. అంటే మనుషులు వదిలిపోయిన ఊరు. ఒక్క గడపైనా లేని ఆ ఊరికి రికార్డులో పేరుంది, హద్దుంది, నంబరుంది. ఎందుకంటే అక్కడ మనుషులు లేకపోయినా శిస్తు కట్టే భూమి ఉంది. రెండు వందల దీపాలు వెలిగే మన వాడకు మాత్రం పేరు లేదు. ఎందుకంటే అక్కడ మనుషులున్నారు గానీ, వాళ్ళ పేరున భూమి లేదు. పేరు పట్టా లాంటిదని మేము అన్నది అందుకే.

వాడల పేర్లు

వాడ పేరు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కోస్తాలో మాలపల్లి, మాదిగపల్లి, మాలపేట, మాదిగగూడెం. తెలంగాణలో మాలవాడ, మాదిగవాడ. రాయలసీమలో మాలపల్లె, కర్నూలు వైపు కన్నడం తగిలిన మాదిగగేరి. తోకలు మారాయి గానీ ముందున్న మాట మారలేదు. చెట్టు లేదు, చెరువు లేదు, కట్టినవాడు లేడు. ఉన్నది కులం ఒక్కటే.

మన పెద్దవాళ్ళ మాట వినండి. వాడలోంచి కిరాణాకొట్టుకు బయల్దేరుతూ “ఊళ్ళోకి పోయొస్తా” అంటారు. పుట్టింది ఆ ఊళ్ళోనే, ఓటు ఆ ఊళ్ళోనే, కూలికి పోయేది ఆ ఊరి చేలల్లోకే. అయినా ఊరు వేరు, వాడ వేరు. ఊరున్నచోట మాలపల్లి ఉండకపోతుందా అని సామెత కట్టినవాళ్ళు ఈ విభజనను ప్రకృతి ధర్మంలాగా చూపించారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని ఆకాశానికెత్తేవాళ్ళను అంబేద్కర్ నిలదీసింది ఈ ఊరిని చూసే.

బయటివాళ్ళు పెట్టిన పేర్లను మనవాళ్ళు ఊరకే మోయలేదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. పంచములు అనే పేరే తప్పు, మేము ఈ నేల మొదటి మనుషులం అని చెప్పి ఆ సభ ఆది ఆంధ్ర అనే పేరు తీసుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును రికార్డుల్లో ఒప్పుకుంది. ఆది ఆంధ్రపేటలు, అరుంధతీ నగర్లు ఆ చైతన్యం నీడన వచ్చిన పేర్లు.

తరవాత గాంధీగారి ప్రచారంతో హరిజన అనే మాట వచ్చింది. 1938లో ఆ మాటను బొంబాయి శాసనసభలో చట్టంలోకి తెస్తుంటే అంబేద్కర్ వ్యతిరేకించారు. ఆయన పార్టీ సభ్యులు సభనుంచి బయటికి నడిచారు. అయినా మన దగ్గర వేల బోర్డుల మీద హరిజనవాడ అని పడింది. ఆపైన ఇళ్ళ పథకాలు వచ్చి ఎస్సీ కాలనీ, ఇందిరమ్మ కాలనీ, ఎన్టీఆర్ కాలనీ అయినాయి. అగ్రహారంలో దానం ఇచ్చినవాడి పేరు నిలిచినట్టే కాలనీలో పథకం ఇచ్చినవాడి పేరు నిలిచింది. తేడా ఒక్కటే: అగ్రహారికుడికి ఊరుకు ఊరే దక్కింది, మనకు రెండు సెంట్లు, మూడు సెంట్లు.

చేలు మరిచిపోలేదు

ఊరి పేరు మనల్ని మరిచిపోయినా చేల పేర్లు మరిచిపోలేదు. ఊరి పొలాల్లో తోటి మాన్యం, వెట్టి మాన్యం, మాదిగ మాన్యం అని పిలిచే చెక్కలుంటాయి. తెలంగాణలో బలుత ఇనాం, సేత్‌సింధి ఇనాం అంటారు. చెప్పులు కుట్టినందుకు, డప్పు కొట్టి కబురు చెప్పినందుకు, చెరువుకు కాపలా కాసినందుకు, అధికారి వస్తే మూట మోసినందుకు ఇచ్చిన భూములివి. తెలంగాణలో 1955, ఆంధ్రలో 1956 ఇనాం రద్దు చట్టాల కింద ఇట్లాంటి భూముల మీద హక్కు తేలవలసి ఉంది. చాలాచోట్ల చేను చేతులు మారింది, పేరు మాత్రం నోళ్ళలో మిగిలింది. ఇవాళ పెద్దరైతు దున్నుకుంటున్న చేనును ఆయన జీతగాడే “మాదిగ మాన్యంలో నాట్లు” అంటున్నాడంటే ఆ పేరు సాక్ష్యం చెబుతున్నదన్న మాట. దాన్ని వినాలి, రాసుకోవాలి, పాత రికార్డుతో పోల్చి చూడాలి.

మనం పెట్టిన పేర్లు

1985 జులై 17న కారంచేడులో మనవాళ్ళ మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్ళు చీరాలకు వచ్చేశారు. తిరిగి ఆ ఊరికి పోలేదు. చీరాలలో వాళ్ళు నిలబెట్టుకున్న కొత్త వాడ విజయనగర్ కాలనీ. పారిపోయి వచ్చినవాళ్ళ శిబిరమని ఆ పేరు చెప్పదు, గెలుపని చెబుతుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. వాళ్ళను పూడ్చిన చోటుకు దళితులు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఈ రెండు పేర్లూ ఏ దొరా ఇచ్చినవి కావు. కోర్టులు తీర్పులు మార్చినా ఆ పేర్లు మాత్రం మారలేదు.

వాడ వాడకూ లేచిన అంబేద్కర్ నగర్ బోర్డుల సంగతీ ఇంతే. బోర్డు పాతడానికి కూడా కొట్లాడవలసి వచ్చిన ఊళ్ళున్నాయి. బోర్డు పాతుకున్నాక కూడా పాత పేరుతోనే పిలిచే నోళ్ళున్నాయి.

పేరు పెద్దదైనకొద్దీ కొట్లాట పెద్దదవుతుంది. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టాలని మహారాష్ట్ర శాసనసభ 1978లో తీర్మానించింది. దళితవాడలు తగలబడ్డాయి. పేరు అమలు కావడానికి 1994 జనవరి 14 దాకా పదహారేళ్ళు పట్టింది. అది వేరే రాష్ట్రం సంగతి అనుకున్నవాళ్ళకు 2022 జవాబు చెప్పింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు కొత్త జిల్లాలు వచ్చాయి. ఎన్టీఆర్, అల్లూరి, అన్నమయ్య, సత్యసాయి పేర్లతో జిల్లాలు వచ్చాయి. ఆ పేర్ల మీద ఇళ్ళు కాలలేదు. కోనసీమకు అంబేద్కర్ పేరు చేరుస్తూ మే 18న ప్రకటన రాగానే, మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. మంత్రి దళితుడు. అక్కడ కోనసీమ అన్న మాటను తీసేసింది కూడా లేదు. దాని ముందు మరో పేరు చేర్చారు, అంతే. 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు చేర్చింది కూడా సరిగ్గా ఇట్లాగే. అంటే తగాదా పాత పేరు మీద ప్రేమతో వచ్చింది కాదు. “మాది అంబేద్కర్ జిల్లా” అని తన అడ్రసు తాను రాసుకోవలసి రావడమే కొందరికి మింగుడుపడలేదు. కులం పేరు మన అడ్రసులో తరతరాలుగా ఉంటే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. చివరికి 2022 జూన్‌లో మంత్రివర్గం ఆ పేరును ఖాయం చేసింది.

పేరు మారిస్తే చాలదు

ఇటీవల కొన్ని రాష్ట్రాలు కదిలాయి. కులం పేర్లున్న బస్తీల పేర్లు మార్చాలని 2020 డిసెంబరులో మహారాష్ట్ర నిర్ణయించింది. దళిత, ఆదివాసీ ఆవాసాలకు కాలనీ అన్న మాట వాడొద్దని 2024 జూన్‌లో కేరళ ఉత్తర్వు ఇచ్చింది. 2025లో తమిళనాడు కూడా ఆ మాటను రికార్డుల నుంచి తీసేస్తామంది. మంచిదే. కానీ రెండు విషయాలు మరవకూడదు.

ఒకటి, కులం మాట దానంతటదే సిగ్గుపడే మాట కాదు. 1994 జులై 7న ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం తర్వాత వేలమంది తమ పేరు చివర మాదిగ అని గర్వంగా రాసుకున్నారు. మనం చెప్పుకుంటే అది ఆత్మగౌరవం. మనల్ని అడగకుండా ఎవరో మన గడపకు అంటిస్తే అది ముద్ర. కాబట్టి వాడ పేరు ఉంచాలో మార్చాలో వాడ తేల్చుకోవాలి, దఫ్తరు కాదు.

రెండు, పేరు మారి భూమి మారకపోతే బోర్డు మాత్రమే కొత్తది. పాత పేరు చెరిపేసే తొందరలో తోటి మాన్యం లాంటి సాక్ష్యాలు కూడా చెరిగిపోతే నష్టం మనకే.

అందుకే ఒక పని చేద్దాం. విద్యార్థులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు, టీచర్లు బడి పిల్లలతో కలిసి, కార్యకర్తలు మీటింగుకు పోయిన ఊళ్ళో, ఒక నోటుబుక్కు పెట్టండి. వాడను ఊరివాళ్ళు ఏమని పిలుస్తారు, వాడవాళ్ళు ఏమని పిలుచుకుంటారు, రేషన్ కార్డులో ఏముంది, ఓటర్ల జాబితాలో ఏముంది, పాత అడంగల్లో ఏముంది - వరసగా రాయండి. వాడ మొదట ఎక్కడుండేది, ఎవరు లేపారు, ఏ చెట్టు కింద తొలి గుడిసె వేశారు అని ముసలమ్మలను అడగండి. చేల పేర్లు, బావుల పేర్లు, సమాధుల దిబ్బల పేర్లు రాయండి. ఆ తర్వాత వాడంతా కూచుని తనకు కావలసిన పేరు నిర్ణయించుకుని గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. ఆ తీర్మానం పక్కనే మాన్యం భూముల జాబితా కూడా పెట్టాలి.

“మీదేవూరు?” అని రేపు మన పిల్లల్నీ అడుగుతారు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో మన పిల్లలకు తెలిసి ఉండాలి. చెప్పే పేరు వాళ్ళ అవ్వాతాతలు పెట్టుకున్నదై ఉండాలి. ఆ పేరు కింద కాలు మోపడానికి వాళ్ళదైన నేల ఉండాలి.