క్రీడాంగణం నుండి వెండితెరకు

మనిషి కోరి ఎంచుకొన్న మార్గం నడుమనే మూసుకొనిపోతే, అంతవరకు చేసిన సాధన వ్యర్థమైనట్లేనా? ఈ ప్రశ్నకు ఐర్లండు దేశపు నటుడు రిచర్డ్ హారిస్ జీవితం చక్కని సమాధానం చెబుతుంది.

హారిస్ 1930 అక్టోబరు 1వ తేదీన లిమెరిక్ నగరంలో జన్మించాడు. షానన్ నదీతీరంలోని ఆ నగరానికి రగ్బీ ప్రాణం. అక్కడ రేవు కార్మికుడు, వైద్యుడు ఒకే జట్టులో భుజం కలిపి ఆడతారు. కోడిగుడ్డు ఆకారంలోని బంతిని చేతబట్టి, ప్రత్యర్థులను తప్పించుకొంటూ, అవసరమైతే ఢీకొంటూ పరుగెత్తి, గీత ఆవల నేలకు తాకించడం ఈ క్రీడ లక్ష్యం. బంతిని చేతితో ముందుకు విసరరాదు. పక్కకు గాని, వెనుకకు గాని అందించాలి. కాబట్టి ఎంత బలవంతుడైనా తోటివారి అండ లేనిదే గెలువలేడు.

దృఢకాయుడైన హారిస్ పాఠశాల జట్టులోను, ఆ తరువాత గ్యారీఓవెన్ క్లబ్బులోను రాణించాడు. మన్‌స్టర్ ప్రాంతపు జట్టులో, ఆపై జాతీయ జట్టులో ఆడాలని కలలు కన్నాడు. ఇంతలో క్షయవ్యాధి సోకింది. ఊపిరితిత్తుల బలంపై ఆధారపడిన క్రీడకు ఆ వ్యాధి శాశ్వతంగా తెర దించింది. దీర్ఘకాలం మంచానికే పరిమితమైన ఆ యువకునికి పుస్తకాలే తోడయ్యాయి. ఆ పఠనం నుండే నాటకకళపై అనురక్తి పెరిగింది. కోలుకొన్న పిదప లండన్ చేరి నటనలో శిక్షణ పొంది, 1956లో రంగస్థలంపై అడుగుపెట్టాడు.

1963లో లిండ్సే ఆండర్సన్ దర్శకత్వంలో వచ్చిన ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ అతనికి ఖ్యాతి తెచ్చింది. అందులో అతని పాత్ర రగ్బీ ఆటగాడైన ఒక బొగ్గుగని కార్మికుడు. చిత్రంలోనిది పదమూడుగురు ఆడే రగ్బీ లీగ్. హారిస్ ఆడినది పదిహేనుమంది ఆడే రగ్బీ యూనియన్. నియమాలు వేరైనా, దెబ్బ తిని లేచే దేహానికి ఆ బాధ ఒక్కటే. మైదానంలో బలంతో గెలిచిన ఆ కథానాయకుడు, తాను ప్రేమించిన స్త్రీ హృదయాన్ని బలంతో గెలువలేక కుమిలిపోతాడు. శరీరబలానికి గల పరిమితిని రోగశయ్యపై స్వయంగా ఎరిగిన నటుడు ఆ వేదనకు జీవం పోశాడు. కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా ఎంపికైన హారిస్, ఆస్కార్ పురస్కారానికి కూడా నామినేషన్ పొందాడు.

1990లో వచ్చిన ‘ది ఫీల్డ్’ చిత్రానికి మరొకసారి ఆ నామినేషన్ లభించింది. ‘హారీపాటర్’ తొలి రెండు చిత్రాలలోని డంబుల్‌డోర్ పాత్ర అతనిని నేటి బాలలకు కూడా సన్నిహితుణ్ణి చేసింది. 2002 అక్టోబరు 25న హారిస్ కన్నుమూశాడు.

చివరివరకు అతడు మన్‌స్టర్ జట్టుకు వీరాభిమానిగానే ఉన్నాడు. ఆడలేకపోయిన ఆట లోటును కీర్తి పూర్తిగా పూడ్చలేదు. అయినా, ఆ ఆట అలవరచిన పట్టుదల, దేహభాష నటనలో అతనికి పెట్టుబడి అయ్యాయి. మార్గం మారినా సాధన మనిషిని విడిచిపోదు.